సోమయాజులు గారి హ్యాపీ రిటైర్మెంటు

మా ఆఫీసు పేరు జిల్లా సంతల పర్యవేక్షణ కార్యాలయం. అలాంటి ఆఫీసు ఒకటి ఉందని సంతలో కూరలు అమ్మేవాళ్లకి తెలియదు, కొనేవాళ్లకీ తెలియదు. మేం పర్యవేక్షించినా సంత జరుగుతుంది, పర్యవేక్షించకపోయినా జరుగుతుంది. ఈ సంగతి మాకు తెలుసు గాని, ఎవరూ ఫైల్లో పెట్టలేదు కాబట్టి తెలియనట్టే లెక్క.

ఇంత ప్రశాంతమైన చోటుకి ఇంగ్లీషు జంటపదాలు ఎలా వచ్చాయో చెబుతాను. వేసవిలో మా డిప్యూటీ డైరెక్టరు చిదంబరప్రసాద్ గారిని శిక్షణ కోసం రాజధానికి పిలిచారు. పశువుల సంతల్లో నీటి తొట్ల గురించి శిక్షణ. ఆ హాల్లో ఏసీ పనిచెయ్యడం లేదట. పక్క హాల్లో పనిచేస్తోందట. పక్క హాల్లో ఎవరో కాలేజీ మేష్టర్లని కూర్చోబెట్టి, ఇంగ్లీషులో ఏ మాట పక్కన ఏ మాట రావాలో నేర్పుతున్నారట. డి.డి. గారు శిక్షణ అయ్యేదాకా అక్కడే చల్లగా కూర్చుని, వేరే మనిషై తిరిగొచ్చారు. మా నీటి తొట్లు ఇప్పటికీ ఎండిపోయే ఉన్నాయి.

వచ్చిన రోజే అందర్నీ తన గదిలోకి పిలిచారు.

"వాన కురుస్తోందనుకోండి. ఇంగ్లీషువాడు దాన్ని స్ట్రాంగ్ రెయిన్ అనడు. హెవీ రెయిన్ అంటాడు. అదే టీ అయితే హెవీ టీ అనడు. స్ట్రాంగ్ టీ అంటాడు. ఎందుచేత?"

ఎందుచేత అన్న ప్రశ్నకి జవాబు చెప్పే అలవాటు మా ఆఫీసులో లేదు.

"ఎందుచేతనంటే అవి జంటలు. తరతరాలుగా కాపరం చేసుకుంటున్న జంటలు. మన ఫైళ్లలో ఏం జరుగుతోంది? వీళ్లావిడ వెళ్లి వాళ్లాయన పక్కన కూర్చుంటోంది. మొన్న ఒకరు 'డూయింగ్ మిస్టేక్' అని రాశారు. మిస్టేక్‌ని డూ చెయ్యరు, మేక్ చేస్తారు."

"ఎలా చేసినా తిట్లు మనకే కదండీ," అన్నాడు అటెండరు పోతురాజు నా చెవిలో.

అన్నది చెవిలోనే గాని పోతురాజు గొంతు పెద్దది. డి.డి. గారు అతనికేసి చూశారు. పోతురాజు వెనక్కి తగ్గే రకం కాదు.

"మనకీ ఉన్నాయి కదండీ జంటలు. టీ గీ అంటాం. బస్సూ గిస్సూ అంటాం."

"గీ అంటే అర్థం ఏమిటి?"

"ఏమీ లేదండి ఆయ్. టీ ఒక్కతీ వెళ్లలేదని గీని తోడు పంపుతాం."

డి.డి. గారు అది అనధికార జంట అని తేల్చారు. మర్నాడు సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయడమేమనగా, ఇకమీదట ఈ కార్యాలయమునకు వచ్చు, ఇచ్చటనుండి పోవు ఏ ఉత్తరమునందును ముఖ్యమైన ఆంగ్లపదము ఏదియు ఒంటరిగా సంచరింపరాదు. అట్టి పదము తనకు విధింపబడిన జోడుతో మాత్రమే వాక్యములోనికి ప్రవేశింపవలెను. ఒంటరి పదము కనబడిన యెడల సదరు ఉత్తరమును తక్షణమే పంపినవారికి తిప్పి పంపవలెను. పంపినవారి హోదాతో నిమిత్తము లేదు."

ఆ ఆఖరి ముక్క గుర్తుపెట్టుకోండి. రాసినాయన పెట్టుకోలేదు.

జోళ్లని విధించడానికి హెడ్డాఫీసు నుంచి హేమనళిని గారు వచ్చారు. జంటపద పరిశీలనాధికారి అని కొత్త పోస్టు. చిన్న వయసు, శ్రద్ధ గల మనిషి. ఆవిడతోపాటు ఇటుకంత మందం పుస్తకం కూడా వచ్చింది. ఆ పుస్తకంలో ఉన్న జంటే జంట. లేనిది ఎంత అన్యోన్యంగా ఉన్నా చెల్లదు.

రోజూ హాజరు పట్టీలో సంతకం పెట్టేముందు ప్రతివాళ్లూ ఒక జంటతో ఒక వాక్యం చెప్పాలి. నాకు ఫాస్ట్ అస్లీప్ వచ్చింది. ఫాస్టుగా ఎలా నిద్రపోతారండీ అని అడిగాను. ఇంగ్లీషువాడు పోతాడు, మీరు వాక్యం చెప్పండి అన్నారు డి.డి. గారు. పోతురాజుకి మేక్ మిస్టేక్ వచ్చింది. "ఐ మేక్ మిస్టేక్ డైలీ," అన్నాడు తడుముకోకుండా. ఎంత సహజంగా ఉందో చూడండి అని డి.డి. గారు మురిసిపోయారు.

ఇంతవరకూ బాగానే ఉంది. గవర్నమెంటు ఉద్యోగంలో ఇంతకన్నా వింతలు చూశాం. అసలు చిక్కు హేమనళిని గారి నిజాయితీ వల్ల వచ్చింది. ఒకరోజు ఆవిడ క్యాంటీన్ సత్తెమ్మ ఇచ్చిన టీ తాగి గ్లాసు కింద పెట్టింది.

"సార్, మన ఉత్తరాల్లో స్ట్రాంగ్ టీ అని రాస్తున్నాం. ఇది స్ట్రాంగ్‌గా లేదు. అంటే మనం ప్రభుత్వానికి తప్పుడు నివేదిక పంపిస్తున్నట్టే కదా సార్."

డి.డి. గారి మొహం వెలిగిపోయింది. మాట మాత్రమే జతగా ఉంటే చాలదు, వస్తువు కూడా ఆ జతకి లోబడి ఉండాలి అని ఇంకో సర్క్యులర్ తీశారు. సత్తెమ్మ పొడి రెట్టింపు చేసింది. మధ్యాహ్నం పూట ఆఫీసు మొత్తం మెలకువగా ఉండి, ఏం చెయ్యాలో తోచక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం.

గురువారం సంతలో నాలుగు చినుకులు పడ్డాయి. ఆ సంగతి రిపోర్టు చెయ్యాలి. పుస్తకంలో రెయిన్ పక్కన హెవీ ఒక్కటే ఉంది. హెవీ రెయిన్ అని పంపాం. వరద సహాయక దళం రబ్బరు పడవ వేసుకుని దిగింది. పొడినేల మీద పడవ పెట్టుకుని ఎవర్నైనా కాపాడదామని సాయంత్రం దాకా చూసి, వంకాయలు కొనుక్కుని వెళ్లారు.

రోహిణి కార్తెలో జాయింటు డైరెక్టరు గారు తనిఖీకి వచ్చారు. స్వాగతానికి పుస్తకంలో ఉన్న జోడు వార్మ్ వెల్కమ్. ఆయన వచ్చేముందు ఫ్యాన్లు ఆపించి, కిటికీలు మూయించి, గుమ్మానికి రెండు పక్కలా కుంపట్లు పెట్టించారు డి.డి. గారు. దండలు కూడా కాసేపు కుంపటి మీద చూపించి వేశాం. జె.డి. గారు నిమిషంలో తడిసి ముద్దయి, కుర్చీలో కూలబడి, కండువాతో మొహం తుడుచుకుంటూ ఒకే మాట అన్నారు.

"చిదంబరప్రసాద్ గారూ, మిమ్మల్ని ఈ జిల్లాలో ఉంచకూడదండీ."

డి.డి. గారు అది ప్రమోషన్ మాట అనుకున్నారు. చిత్రం ఏమిటంటే, తరవాత నిజంగానే ప్రమోషన్ ఆర్డరు బయలుదేరింది.

ఇప్పుడు సోమయాజులు గారి దగ్గరికి వస్తాను. ఆకొండి సోమయాజులు గారు మా సూపరింటెండెంటు. వచ్చే టపా అంతా ముందు ఆయన బల్ల మీదికే వెళ్లాలి. నియమం అంటే నియమమే ఆయనకి. సర్క్యులర్ వచ్చిన నాటినుంచి జిల్లా నలుమూలల నుంచీ వచ్చే ఉత్తరాల్ని ఒంటరి పదాల కోసం వెతికి, ఎర్ర సిరాతో సున్నా చుట్టి, వెనక్కి కొట్టేవారు. ఆయన నవ్వడం మేమెవరం చూడలేదు. కోపిష్టి కాదు, దుఃఖమూ లేదు, మొహం తీరే అంత. పెళ్లి ఫోటోలో కూడా ఇలాగే ఉన్నారని ఆయన భార్య విశాలాక్షమ్మ గారు చెప్పారు.

ఆయనకి లోకంలో ఉన్న కోరిక ఒక్కటే. మా ఊళ్లో పద్యనాటక సమాజం ఉంది. ఏటా దసరాకి నాటకం వేస్తారు. అందులో రాజ్యం పోయి, భార్య దూరమై, కిరీటం కూడా పోగొట్టుకుని ఏడ్చే రాజు వేషం ఒకటి ఉంది. ఆ వేషం చాలా ఏళ్లుగా ఒక ప్లీడరు గారు వేస్తున్నారు. సోమయాజులు గారు అన్నేళ్లూ తెర వెనక నిలబడి ఆయనకి పద్యాలు అందిస్తూ వచ్చారు. ఈ ఏడు ప్లీడరు గారి గొంతు పోయింది. సమాజం వాళ్లు సోమయాజులు గారి దగ్గరికి వచ్చి, జులై నుంచి రోజూ మధ్యాహ్నం రిహార్సల్, ఆఫీసు ఉన్నవాళ్లకి కుదరదు, మీరు జూన్ ఆఖరుకి రిటైరవుతున్నారు కదా, వేస్తారా అని అడిగారు. మీరు కాదంటే ఎరువుల కొట్టు సుబ్బారాయుడికి ఇస్తాం అని కూడా అన్నారు. సుబ్బారాయుడు ముక్కుతో పాడతాడు. ఏడుపు పద్యం ముక్కుతో పాడితే ఎలా ఉంటుందో సోమయాజులు గారు నాకు పాడి చూపించారు. పాపం, ఆయన బాధ నాకు అర్థమైంది.

జూన్ ఆఖరి వారంలో ఆయన తన రిలీవింగ్ ఆర్డరు తనే చిత్తు రాసుకుని హేమనళిని గారికి పంపారు. ఆవిడ చేత్తో పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. నేను పక్క బల్లే.

"సార్, ఇందులో రిటైర్మెంట్ ఒంటరిగా ఉందండి."

"పొరపాటైందమ్మా. దాని జోడు ఏమిటి?"

"హ్యాపీ అండి. హ్యాపీ రిటైర్మెంట్."

ఆయన హ్యాపీ అని చేర్చి ఇచ్చారు. ఆవిడ కాగితం తీసుకోలేదు.

"సార్, ఏమీ అనుకోకండి. మీరు హ్యాపీగా ఉన్నారా?"

"రిలీవు చేస్తే ఉంటానమ్మా."

"అలా కుదరదండి. ముందు ఉండాలి. ఉన్నారని మేం నిర్ధారించాలి. ఆ తరవాత రిలీవు."

"రిలీవు చెయ్యకుండా నేనెలా ఉంటాను?"

ఆవిడ నిజంగానే బాధపడింది పాపం. ఫైలు డి.డి. గారి దగ్గరికి వెళ్లింది. సోమయాజులు గారు నన్ను కూడా తోడు రమ్మన్నారు.

"సోమయాజులు గారూ, మీ విషయంలో నియమం సడలిస్తే రేపు వాన, టీ కూడా మినహాయింపు అడుగుతాయి," అన్నారు డి.డి. గారు. "పోనీ పుస్తకంలో ఇంకో జోడు ఉంది. కంపల్సరీ రిటైర్మెంట్. దానికి మీరు సంతోషంగా ఉండక్కర్లేదు. కాకపోతే మిస్కాండక్ట్ చెయ్యాలి."

"చేస్తానండి. రేపు ఆలస్యంగా వస్తాను."

"అది చాలదు. మిస్కాండక్ట్‌కి జోడు గ్రేవ్. మీరు చేసేది గ్రేవ్ మిస్కాండక్ట్ అయ్యుండాలి."

బయటికి వచ్చాక సోమయాజులు గారు వరండాలో ఆగిపోయారు. "ముత్యాలరావూ, నువ్వెప్పుడైనా పెద్ద తప్పులేమైనా చేశావా? ఎలా మొదలుపెట్టాలో చెప్పు," అన్నారు. పోతురాజుని అడగండి, వాడు డైలీ మేక్ చేస్తాడు అన్నాను. పోతురాజుని అడిగారు కూడా. పోతురాజు చెప్పినవాటిలో ఏదీ ఆయన వల్ల అయ్యేది కాదు.

సంతోష నిర్ధారణ కమిటీ వేశారు. హేమనళిని గారు కన్వీనరు, నేను సభ్యుణ్ణి. వైద్య నిపుణుడు ఒకరు ఉండాలన్నారు. మా శాఖకి ఉన్న డాక్టరు పశువుల డాక్టరు ఒక్కరే, జంపన కృష్ణంరాజు గారు. సంతల్లో గేదెల పళ్లు చూసే ఆయన్ని పిలిపించి సోమయాజులు గారి ఎదురుగా కూర్చోబెట్టాం.

"మేత సరిగ్గా తీసుకుంటున్నారా?" అని అడిగారు కృష్ణంరాజు గారు.

"తింటున్నానండి."

"నెమరు?"

సోమయాజులు గారు నాకేసి చూశారు. పద్యాలు నెమరు వేస్తుంటారండి అని నేను అందించాను.

"మా వాటిలో అయితే తోక చూసి చెప్పేస్తాం," అన్నారు కృష్ణంరాజు గారు నిట్టూర్చి. "ఇక్కడ ఆధారం చాలడం లేదు. ఒకసారి నవ్వగలరా?"

సోమయాజులు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నవ్వడానికి ప్రయత్నించారు. టీ పట్టుకొచ్చిన పోతురాజు పళ్లెం వదిలేశాడు. స్ట్రాంగ్ టీ కదా, నేల మీద ఆ మరక ఇప్పటికీ పోలేదు. కమిటీ ఆ ప్రయత్నాన్ని లెక్కలోకి తీసుకోకూడదని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇంటికి వెళ్లి విచారించాం. విశాలాక్షమ్మ గారు పెసరట్లు పెట్టారు. "ఆయన సంతోషం ఆఫీసులో కనపడదు నాయనా. ఇంట్లోనూ కనపడదు. ఆదివారం రిహార్సలుకి రండి, అక్కడ కనపడుతుంది," అన్నారు. రోజువారీ రిహార్సళ్లు జులై నుంచైనా ఆదివారంవి ముందే మొదలయ్యాయి; ఆ రోజు ఆఫీసు ఉండదు కాబట్టి ఆయన వెళ్తున్నారు.

ఆదివారం వెళ్లాం, విశాలాక్షమ్మ గారు కూడా వచ్చారు. సమాజం వాళ్ల రేకుల షెడ్డు. హార్మోనియం మీద శ్రుతి పట్టగానే మా సూపరింటెండెంటు మాయమైపోయారు. ఆయన కూర్చున్న చోట రాజ్యం పోయిన రాజు కూర్చుని ఉన్నాడు. సింహాసనాన్ని మనిషిని పిలిచినట్టు పిలుస్తూ పద్యం ఎత్తుకున్నారు. రాగం సాగుతుంటే కన్నీళ్లు ధారగా కారిపోయాయి. తుడుచుకోలేదు. కృష్ణంరాజు గారు గేదెల మందు అంటిన చేతిరుమాలు పెట్టి కళ్లు ఒత్తుకుని, మంట పుట్టి, ఇంకా ఏడ్చారు.

హేమనళిని గారు పుస్తకం తిప్పుతోంది.

"కన్నీళ్లు వచ్చాయండి. టియర్స్ అని రికార్డు చెయ్యాలి. దానికి పుస్తకంలో జోడు ఒక్కటే ఉంది."

"ఏమిటమ్మా?" అన్నారు విశాలాక్షమ్మ గారు.

"క్రోకడైల్ అండి. మొసలి."

విశాలాక్షమ్మ గారు కొంగు సర్దుకున్నారు. "చూడమ్మా, ముప్ఫై ఏళ్లకి పైగా కాపరం చేశాను. ఇవి మొసలి కన్నీళ్లు కావు. ఆనందబాష్పాలు. ఆ వేషం దొరికినందుకు ఆయన ఏడుస్తున్నారు."

"ఆ జంట తెలుగులో ఉందండి," అంది హేమనళిని గారు మెల్లగా. "మా పుస్తకంలో లేదు."

మొసలి తన పరిధిలోకి రాదన్నారు కృష్ణంరాజు గారు. అటవీశాఖకి రాశాం. సదరు సోమయాజులు మా అధీనంలో లేరు, ఎప్పుడూ ఉండలేదు, ఇకమీదట దొరికినచో తెలియజేయగలము అని వాళ్లు జవాబిచ్చారు. ఆ ఉత్తరంలో ఒంటరి పదాలు ఉన్నాయని సోమయాజులు గారే దాన్ని వెనక్కి పంపారు.

నెలాఖరు వచ్చింది, వెళ్లింది. వయసు ప్రకారం సోమయాజులు గారి ఉద్యోగం అయిపోయింది. ఫైలు ప్రకారం అవలేదు. కాబట్టి టిఫిన్ క్యారేజీ పట్టుకుని రోజూ వస్తూనే ఉన్నారు. సమాజం వాళ్లు ఓపిక పట్టి, చివరికి శుక్రవారం దాకా చూస్తామని కబురు చేశారు. ఎరువుల కొట్టులోంచి ముక్కు రాగాలు అప్పుడే వీధిలోకి వినిపిస్తున్నాయి. ఆ వారమంతా సోమయాజులు గారు అన్నం సరిగ్గా తినలేదు. క్యారేజీ నిండుగా వెనక్కి వెళ్లేది. ఒక మంచిమనిషిని నవ్వలేదన్న నేరానికి అలా కట్టిపడెయ్యడం చూస్తే, కుంపట్లలో ఒకటి తెచ్చి ఆ పుస్తకం కింద పెట్టాలనిపించింది నాకు.

ఆ శుక్రవారమే డి.డి. గారి ప్రమోషన్ ఆర్డరు వస్తుందని రాజధాని నుంచి ఫోను వచ్చింది. జాయింటు డైరెక్టరుగా హెడ్డాఫీసుకి. అక్కడ అన్ని గదుల్లోనూ ఏసీ పనిచేస్తుంది. ఆ ప్రమోషన్ కోసం ఆయన ఎన్ని గుళ్ల చుట్టూ తిరిగారో మాకు తెలుసు. పొద్దున్నే పూతరేకులు తెప్పించి గదిలో పెట్టుకున్నారు. కొత్త చొక్కా కూడా వేసుకున్నారు. పూతరేకుల సంగతి తెలిసి కృష్ణంరాజు గారు సంతకం పనేదో ఉందని వచ్చి కూర్చున్నారు.

టపా వచ్చింది. అలవాటు ప్రకారం సోమయాజులు గారి బల్ల మీదికి వెళ్లింది. మనిషి ఆ రోజు ఈ లోకంలో లేరు. యంత్రంలా ఒక్కొక్క కవరూ చింపి చూస్తున్నారు. ఒక కాగితం దగ్గర ఎర్ర సిరా కలం ఆగింది.

"అమ్మా హేమనళినీ, ప్రమోషన్‌కి జోడు ఏమిటి?"

ఆవిడ పుస్తకం తిప్పింది. "వెల్ డిజర్వ్‌డ్ అండి. వెల్ డిజర్వ్‌డ్ ప్రమోషన్."

"ఇందులో ఉందేమో చూడు. నాకు కనపడ్డం లేదు."

ఆవిడ రెండుసార్లు చదివింది. "లేదండి. ఒంటరిగానే ఉంది."

సోమయాజులు గారు సున్నా చుట్టారు. "ఒంటరి పదము కనబడినందున తిప్పి పంపడమైనది" అని రాసి, కవర్లో పెట్టి, పోతురాజుకి ఇచ్చారు. పోస్టు బండి గేటు దగ్గరే ఉంది. పోతురాజు జీవితంలో మొదటిసారి ఒక పని వెంటనే చేశాడు.

తరవాత డి.డి. గారు పూతరేకుల పెట్టె పట్టుకుని బయటికి వచ్చారు.

"ఏవండీ, టపా వచ్చిందా?"

"వచ్చిందండి. ఒకటి తిప్పి పంపేశాను."

"ఏమిటది?"

"మీ ప్రమోషనండి."

డి.డి. గారు పూతరేకుల పెట్టె కృష్ణంరాజు గారి చేతిలో పెట్టేశారు.

"నా ప్రమోషన్ మీరు తిప్పి పంపారా?"

"ఒంటరిగా వచ్చిందండి. హోదాతో నిమిత్తం లేదని మీరే..." అంటూ ఆగిపోయారు సోమయాజులు గారు. తను చేసిందేమిటో ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది. ముందు పెదవి ఒక పక్క కదిలింది. తరవాత భుజాలు కదిలాయి. చాలా ఏళ్లు వాడని నూతి గిలక తిరిగినట్టు లోపల్నుంచి ఏదో కిర్రుమంది. ఆపుకోబోయారు, ఆగలేదు. కళ్లజోడు ఊడి బల్ల మీద పడింది. బల్ల పట్టుకుని, పొట్ట పట్టుకుని, చివరికి టిఫిన్ క్యారేజీ పట్టుకుని నవ్వారు.

నాకూ నవ్వొచ్చింది. కమిటీ సభ్యుణ్ణి కదా అని బిగపట్టుకున్నాను.

కృష్ణంరాజు గారు నోట్లో పూతరేకు పెట్టుకునే లేచి నిలబడ్డారు. "ఇదండీ అసలు లక్షణం. దూడని తల్లి దగ్గరికి వదిలినప్పుడు ఇలాగే ఉంటుంది. నేను సంతకం పెడుతున్నాను."

హేమనళిని గారు నిజాయితీ గల మనిషి. కన్నీళ్లని ఒప్పుకోలేదు గాని నవ్వుని కాదనలేదు. "హ్యాపీ. నిర్ధారించడమైనది," అని రాసి, నా చేత సంతకం పెట్టించి, రిలీవింగ్ ఆర్డరు జతచేసి డి.డి. గారి ముందు పెట్టింది. డి.డి. గారికి కళ్ల ముందు ఏమీ కనపడ్డం లేదు. ముందు పెట్టిన కాగితం మీద సంతకం పెట్టడం మాత్రం ఆయన చేతికి ఎప్పటినుంచో అలవాటు. పెట్టేశారు. తరవాత తేరుకున్నారు.

"సోమయాజులు గారూ, ఆ కవరు వెనక్కి తెప్పించండి. టపా సెక్షన్ మీదే కదా."

"ఇందాకటిదాకా అయితే చూసేవాణ్ణండి," అన్నారు సోమయాజులు గారు క్యారేజీ చేతికి తగిలించుకుంటూ. "ఇప్పుడు నేను రిటైరైన మనిషిని. హ్యాపీగా."

గోడ గడియారం చూసుకుని గబగబా మెట్లు దిగారు. రిహార్సలుకి టైమైంది.

డి.డి. గారి ప్రమోషన్ హెడ్డాఫీసు నుంచి మళ్లీ రాలేదు. మీరు సూచించిన ప్రకారం దానికి వెల్ డిజర్వ్‌డ్ అని జోడు చేర్చదలచాము, అయితే అది నిజమో కాదో నిర్ధారించవలసి ఉన్నందున కమిటీని నియమించడమైనది అని ఉత్తరం వచ్చింది. కమిటీ కన్వీనరు జాయింటు డైరెక్టరు గారు. వార్మ్ వెల్కమ్ అందుకున్న ఆయనే. కమిటీ ఇంకా నిర్ధారిస్తోంది.

దసరాకి నాటకం వేశారు. ఆఫీసంతా వెళ్లాం. ముందు వరసలో డి.డి. గారు కూర్చున్నారు. ఆయన పక్కన హేమనళిని గారు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సోమయాజులు గారు మాసిన శాలువాతో రంగం మీదికి వచ్చి, చేతి దాకా వచ్చి జారిపోయిన సింహాసనం గురించి పద్యం ఎత్తుకున్నారు. ఆయన ఏడుస్తుంటే పందిరంతా ఏడ్చింది. డి.డి. గారు మాత్రం కొత్త చొక్కా తడిసిపోయేలా, పక్కవాళ్లు తిరిగి చూసేలా వెక్కి వెక్కి ఏడ్చారు. హేమనళిని గారు రంగం మీదికి చూసింది, డి.డి. గారికేసి చూసింది, పుస్తకం తెరవబోయింది.

పద్యం ముగిసింది. వెనకనుంచి పోతురాజు గొంతు పందిరి కప్పు ఎగిరిపోయేలా వినపడింది.

"వన్స్ మోర్!"

పక్కనున్న కూరగాయలవాళ్లు అందుకున్నారు. సత్తెమ్మ అందుకుంది. పశువుల బేరగాళ్లు అందుకున్నారు. ఏ సర్క్యులరూ లేకుండా, ఏ శిక్షణా లేకుండా, తాతల నాటినుంచి అంటున్నట్టే పందిరంతా ఆ జంటని ముక్తకంఠంతో అంది. హేమనళిని గారు పుస్తకంలో వెతికింది. దొరికినట్టు లేదు. ఒక క్షణం ఆగి, పుస్తకం మూసి కుర్చీ కింద పెట్టి, తనూ చప్పట్లు కొడుతూ వన్స్ మోర్ అంది.

హార్మోనియం మళ్లీ శ్రుతి పట్టింది. సోమయాజులు గారు కళ్లు తుడుచుకుని, పరమానందంగా, మొదటినుంచీ మళ్లీ రాజ్యం పోగొట్టుకున్నారు. ముందు వరసలో డి.డి. గారు కూడా.